కేప్టెన్ గారి క్యారేజీ

పూర్ణా మార్కెట్ వెనక సందులో మెహబూబ్ బీ కొడుకుని అందరూ కేప్టెన్ సాబ్ అనే పిలిచేవారు. విమానం నడిపేవాడు కేప్టెన్ కాక మరేమవుతాడని వాళ్ళ లెక్క. అయూబ్ అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. ఆ పిలుపు విన్నప్పుడల్లా కొత్త చెప్పు కరిచినవాడిలా మొహం పెట్టేవాడు. ఎందుకంటే అతను కేప్టెన్ కాదు, కుడివైపు కుర్చీలో కూర్చునే కో-పైలట్. కేప్టెన్ కూర్చునే ఎడమ కుర్చీ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటుంది. ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్ళయినా ఆ జానెడు దూరం దాటడం అతనివల్ల కాలేదు.

తండ్రి గులాం మొహమ్మద్ మార్కెట్లో తాళ్ళు, టార్పాలిన్లు అమ్మేవాడు. ఉన్న రెండు కొట్లలో ఒకటి అమ్మి కొడుక్కి హైదరాబాదులో విమానం నడపడం నేర్పించాడు. తీరా లైసెన్సు చేతికొచ్చేసరికి పెట్రోలు ధరలు మండిపోయి కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకోవడం మానేశాయి. ఆకాశంలో తిరగాల్సిన కుర్రాడు కొట్లో కూర్చుని మూరలేసి తాళ్ళు అమ్మాడు కొన్నేళ్ళు. చివరికి ఉద్యోగం దొరికి, మొదటి జీతం తెచ్చి తల్లి చేతిలో పెడితే గులాం మొహమ్మద్ ఆ నోట్ల వంక అదోలా చూశాడు.

"పోర్టులో కలాసీ ఓవర్‌టైం సేత్తే ఇంతకంటే ఎక్కువే ఒత్తాది కదరా" అన్నాడు.

అన్నాడే గానీ అందులోంచి ఒక నోటు తీసి పర్సు లోపలి అరలో దాచుకున్నాడు. కొట్లో బేరం లేని రోజుల్లో కూడా దాన్ని ముట్టుకోలేదు. ఆ మనిషి నోటికీ మనసుకీ ఎప్పుడూ పొత్తు కుదరదు.

జీతం బాగా పెరగాలన్నా, కేప్టెన్ గుర్తుగా భుజం మీద నాలుగో పట్టీ రావాలన్నా సీనియారిటీ కావాలి. ఎవడు బాగా నడుపుతాడన్నది తరవాతి మాట, ఎవడు ముందు చేరాడన్నది మొదటి మాట. ఈ సంగతి మెహబూబ్ బీకి అర్థం కావడానికి గులాం మొహమ్మద్ సందులో కుళాయిని సాయం తెచ్చుకున్నాడు.

"బిందెలు వరసలో ఎడతారు గదా, అలగే ఇది కూడా. కో-పైలట్ల వరసలో ఇప్పుడు మనోడి బిందే మొదట ఉన్నాది. కానీ కుళాయి కాడ కేప్టెన్లున్నారు. ఆళ్ళలో ఎవుడో ఒకడు బిందె ఎత్తుకుని పోతే గానీ మనోడిది ఎట్టనివ్వరు."

"పోడానికి ఆళ్ళకేటి అడ్డం?" అందావిడ. కుళాయి దగ్గర జాప్యం చేసేవాళ్ళంటే ఆవిడకి మొదట్నించీ పడదు.

"రిటైరవ్వాల. లేపోతే ఇంకో కంపెనీకి పోవాల."

"అదీ లేపోతే?"

గులాం మొహమ్మద్ గడ్డం గోక్కున్నాడు. "లేపోతే బిందె పగలాల" అన్నాడు.

ఆ మూడో మాట ఆవిడ అంతగా పట్టించుకోలేదు. ఆ శుక్రవారమే కొండెక్కి దర్గాలో మొక్కుకుంది, ఈ ఏడు కొడుకు కేప్టెనైతే చాదర్ కప్పుతానని. తల్లన్నాక మొక్కుకోకుండా ఉంటుందా.

అయూబ్ కాపురం హైదరాబాదులో. భార్య రషీదా, చిన్నపిల్లతో ఒక్క గది పోర్షన్లో ఉండేవాడు. వారానికి రెండు మూడుసార్లు అతని విమానం విశాఖపట్నం వచ్చి, అరగంట ఆగి, తిరిగి వెళ్ళేది. ఆ అరగంటలో తినడానికి మెహబూబ్ బీ క్యారేజీ కట్టేది. గులాం మొహమ్మద్ దాన్ని స్కూటర్ మీద పెట్టుకుని ఎయిర్‌పోర్టు కటకటాల దగ్గర కొడుక్కి అందించేవాడు. క్యారేజీ ఇద్దరికి. ఎడమ కుర్చీలో ఎక్కువగా ఉండేది కేప్టెన్ శ్రీరామ్మూర్తి. ఆయనదీ ఈ ఊరే, ఇల్లు మహారాణిపేటలో. కొండల మధ్య దిగాల్సిన ఈ ఊరి రన్‌వే మీద సముద్రపు గాలిని ఎలా మచ్చిక చేసుకోవాలో అయూబ్‌కి నేర్పింది ఆయనే. అలాంటాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొడుకు ఒక్కడే తింటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?

అయితే ఇద్దరు పైలట్లూ ఒకే వంట తినకూడదని విమానాల్లో ఒక నియమం ఉంది. ఒకరి కూర చెడిపోయినా రెండోవారి కడుపు బాగుండాలని. అందుకని ఆవిడ రెండు కూరలు వండేది. ఏది ఎవరికన్న ప్రశ్నే లేదు. కొడుకు ఇంటివాడు, ఆయన పెద్దవాడు. కొడుక్కి పప్పూ, బెండకాయ వేపుడూ. కేప్టెన్ గారికి ఎండు నెత్తళ్ళ చేపలేసిన వంకాయ కూర, లేకపోతే ఉప్పు చేప పులుసు, పక్కన ఒక మూల ఆవకాయ. ఆయన గిన్నె కడిగినట్టు నున్నగా తిరిగొచ్చేది. "మీ అమ్మగారి చేతికి దణ్ణం" అని కబురూ వచ్చేది. ఆ కబురు కోసం ఆవిడ మరో గరిటె ఎక్కువే వేసేది.

"నాను నీ కొడుకునా, ఆయన నీ కొడుకా అమ్మీ?" అని అయూబ్ ఉడుక్కునేవాడు.

ఎనభై నాలుగులో వానలు మొదలయ్యే రోజుల్లో ఒకసారి, కేప్టెన్ గారి గిన్నె మూత తియ్యకుండానే తిరిగొచ్చింది. మళ్ళీసారీ అంతే. మూడోసారికి అయూబ్ సెలవు పెట్టి ఇంటికొచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టి సంగతి చెప్పాడు.

"ఆరు నెల్లకోసారి డాక్టర్లు మమ్మల్ని సూత్తారు కదా. శ్రీరామ్మూర్తి గారికి బీపీ ఎక్కువుందంట. మూడు నెలలు విమానం ఎక్కొద్దన్నారు. మళ్ళీ పరీక్ష ఎడతారు. అందులో కూడా తప్పితే ఇంక అంతే."

"అంతే అంటే?" అన్నాడు గులాం మొహమ్మద్.

"లైసెన్సు పోతాది. ఇంటికాడ కూకోవాల."

"అయితే మనోడే కదా" అనేశాడు తండ్రి. అన్న మరుక్షణం నాలిక్కరుచుకుని చూరు వంక చూశాడు.

అయూబ్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "నాకూ అదే అనిపించింది అబ్బాజాన్, మొట్టమొదట" అన్నాడు తల వంచుకుని. ముప్పై ఆరేళ్ళవాడు, వేరే ఊళ్ళలో తన జతగాళ్ళంతా కేప్టెన్లైపోయినవాడు, ఒక్క గదిలో పిల్లని పెంచుతున్నవాడు. అలా అనిపించడంలో తప్పేముంది గనక.

మెహబూబ్ బీ మాత్రం తన మొక్కు తలుచుకుని భయపడింది. బిందె పగలాల అన్న మాట అప్పుడు గుర్తొచ్చిందావిడకి. మర్నాడే మోకాళ్ళ నొప్పితో కొండెక్కింది. "నాను ఇలగ అడగలేదు బాబూ. మొక్కు యెనక్కి తీసుకోను. కానీ ఆయనకేం కాకుండా సూడు. ఆ తరవాత నా కొడుకు సంగతి సూడు" అని చెప్పుకుంది. ఏ క్రమంలో ఏది జరగాలో కూడా వివరంగా అప్పగించి దిగివచ్చింది.

నాలుగు రోజుల తరవాత పొద్దున పదకొండు దాటాక గుమ్మంలో ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. తెల్ల లాల్చీ, చేతిలో గొడుగు, మొహం నిండా చెమట.

"నేను శ్రీరామ్మూర్తినమ్మా. మీ ఉప్పు తిన్నవాణ్ణి" అన్నాడు.

ఆవిడ గబగబా కొంగు తల మీదకి లాక్కుని కుర్చీ వేసింది. డాక్టరు రోజూ నడవమన్నాడని, నడుస్తూ నడుస్తూ కాళ్ళు ఇటు తీసుకొచ్చాయని ఆయన చెప్పాడు. కాళ్ళు కాదు, ముక్కు తీసుకొచ్చిందని ఎవరికైనా తెలుస్తుంది. పొయ్యి మీద నెత్తళ్ళు ఉడుకుతున్నాయి. భోజనాల వేళకి గడప తొక్కిన మనిషిని తినమనకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. ఆవిడ కంచం పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని తిన్నాడు.

"మా ఇంట్లో ఉప్పు వాసన చూసి రెండేళ్ళయిందమ్మా. డాక్టరు వద్దన్నాడని మా తాయారు ఆవకాయ జాడీలు పక్కింటికిచ్చేసింది. అప్పడం కూడా కాల్చదు. సొరకాయ, సొరకాయ, సొరకాయ. అయినా ఈ బీపీ దిగదు. ఎక్కడ పొరపాటు జరుగుతోందో తెలీక, పాపం తన వంటనే అనుమానిస్తుంది." ఆయన నవ్వి, కంచం ముందుకి జరిపాడు. "మీ క్యారేజీయే లేకపోతే ఈపాటికి ఉద్యోగం మానేసేవాణ్ణి. ఇంకొంచెం వెయ్యండమ్మా."

మెహబూబ్ బీ చెయ్యి గరిటె మీద ఆగింది. అయినా అలవాటైన చెయ్యి, వేసేసింది. ఆయన రేపు కూడా వస్తానని చెప్పి, పదేళ్ళ వయసు తగ్గినట్టు నడుచుకుంటూ పోయాడు.

ఆ సాయంత్రం ఎండుచేపల బుట్టతో కాసులమ్మ వచ్చింది. జాలారిపేట మనిషి, ఆ ఇంటికి పాతికేళ్ళ నుంచి చేపలు తెచ్చేది ఆవిడే.

"ఉప్పుకీ బీపీకీ ఏటి సంబంధమే కాసులమ్మా?" అంది మెహబూబ్ బీ.

"ఉప్పు తింటేనే బీపీ ఎక్కుతాది బూబమ్మా. మా ఎల్లాజీ మావకి పెద్దాసుపత్రిలో అదే సెప్పినారు. ఉప్పు సేప తింటే కాలూ సెయ్యీ పడిపోతాయన్నారు. సేపలోడిని సేప మానమంటే మానతాడేటి? దొంగతనంగా తిని మూల పడ్డాడు." బుట్ట దించి కూర్చుంది. "ఎవులికేటి?"

మెహబూబ్ బీ ఉన్నదున్నట్టు చెప్పింది. కాసులమ్మ అంతా విని, ఒక్క క్షణం ఆలోచించి, లోకంలో ఎవరైనా చెప్పేదే చెప్పింది.

"నువ్వేటి విషం ఎడతన్నావా? ఆకలని ఒచ్చినోడికి కూడెట్టడం పాపమేటి? అడిగింది ఆయన, తింటన్నాది ఆయన. నీ కొడుక్కి మంచి జరిగితే అది నీ తప్పా?"

మాట సరిగ్గానే ఉంది. అదే వచ్చిన చిక్కు. ఎవరూ ఆవిణ్ణి వేలెత్తి చూపలేరు. కొత్తగా ఏ పాపమూ చెయ్యక్కర్లేదు, ఇన్నాళ్ళూ ప్రేమగా చేసిందే చేస్తూ పోతే చాలు. రెండు నెలలు గడిస్తే కొడుకు భుజం మీద నాలుగో పట్టీ వస్తుంది. రషీదాకి రెండు గదుల ఇల్లొస్తుంది. ముసలాయన కొట్లో తల ఎత్తుకుని కూర్చుంటాడు. ఆవిడ బియ్యం కడుగుతూ అదే ఆలోచించింది, చేట చెరుగుతూ అదే ఆలోచించింది. కాసులమ్మ దగ్గర నెత్తళ్ళు కూడా కొంది.

మర్నాడు శ్రీరామ్మూర్తి చెప్పినట్టే వచ్చాడు. ఆవిడ కంచం పెట్టింది. అన్నం పెట్టింది. కూరా వేసింది. ఆయన కలిపి మొదటి ముద్ద ఎత్తబోతుండగా, ఆ ముద్ద వంక చూసింది. అంత ఇష్టంగా తన చేతి వంట తినే మనిషి ఇంకొకడు లేడు. చటుక్కున వంగి కంచం ఇవతలికి లాగేసుకుంది.

ఆ ఇంట్లో తినేవాడి ముందునుంచి కంచం లాగిన పాపాన ఎవరూ పోలేదు.

"తినొద్దు కేప్టెన్ గారూ. మీరు ఇది తింటంటే నా కొడుక్కి ఉద్యోగం పెరుగుతాది."

ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. పెద్ద ఉద్యోగి, వయసులో పెద్ద, పరాయి ఇంట్లో అన్నం కలుపుకుని కూర్చుని ఆ మాట పడ్డాడు. లేచి చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని, వెళ్ళిపోయాడు. మెహబూబ్ బీ గుమ్మంలో కూలబడి కాసేపు ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని రిక్షా పిలిచింది.

మహారాణిపేటలో తలుపు తీసిన తాయారు సన్నటి మనిషి, కళ్ళద్దాలు. ఎవరో చెప్పగానే లోపలికి తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టింది. శ్రీరామ్మూర్తి ఇంకా ఇల్లు చేరలేదు. మెహబూబ్ బీ కూర్చోకుండానే అంతా చెప్పేసింది. నెత్తళ్ళు, పులుసు, ఆవకాయ, రెండేళ్ళ క్యారేజీలు, నిన్నటి భోజనం, ఇవాళ లాగేసుకున్న కంచం, ఏదీ వదల్లేదు. దర్గా మొక్కు కూడా చెప్పింది.

తాయారు ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "రెండేళ్ళండీ. నా వంటలోనే ఏదో లోపం ఉందని రోజూ కుమిలిపోయాను. పప్పులో నీళ్ళు కూడా మార్చి చూశాను" అంది. కాసేపటికి ఆవిడ గొంతు మారింది. పైలట్ పెళ్ళాం, ఎవరి తరవాత ఎవరో ఆవిడకి తెలియనిది కాదు.

"ఈయన పరీక్ష తప్పితే వచ్చేది మీ అబ్బాయే కదండీ. అది తెలిసీ వచ్చి చెప్పారా?"

"తెలిసినాక ఎలగెట్టమంటారమ్మా? తెలిసీ ఎడితే అది కూడు అవుతాదా?" అంది మెహబూబ్ బీ.

తాయారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ఇంకా నెత్తళ్ళ వాసన ఉంది. అయినా చాలాసేపు వదల్లేదు.

ఆ రోజు నుంచి కేప్టెన్ గారు నడకకి ఒంటరిగా వెళ్ళలేదు. పక్కన తాయారు ఉండేది. వానాకాలం ముగిసే రోజుల్లో మళ్ళీ పరీక్ష పెట్టారు. పాసయ్యాడు. మెహబూబ్ బీ ఆ కబురు విని అల్లాకి దణ్ణం పెట్టుకుంది, ఆ వెంటనే కొడుక్కి రాని కుర్చీ తలుచుకుని కళ్ళూ తుడుచుకుంది. రెండూ నిజమే. గులాం మొహమ్మద్ రెండు రోజులు భార్యతో ముభావంగా ఉన్నాడు. మూడో రోజు, "నువ్వు సేసింది మంచి పనే. మంచి పని సేసినోళ్ళంటే నాకు ఒళ్ళు మంట, అంతే" అని టీ అడిగాడు.

ఒక్క అయూబ్ నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. శ్రీరామ్మూర్తే అతనికి అంతా చెప్పాడని తెలిసింది. శ్రీరామ్మూర్తి రిటైరవడానికి ఇంకా రెండేళ్ళు పైనే ఉంది. ఇన్నాళ్ళ ఆశ నోటి దాకా వచ్చాక కన్నతల్లే లాగేసుకుందని వాడనుకుంటే ఆవిడ ఏమని జవాబు చెబుతుంది? కంచం లాగింది ఒకరి ముందునుంచి కాదు, ఇద్దరి ముందునుంచి.

కేప్టెన్ గారు తిరిగి డ్యూటీకి వచ్చిన మొదటి రోజు ఆవిడ కూడా భర్త వెనక స్కూటరెక్కి ఎయిర్‌పోర్టుకి బయల్దేరింది. విమానం దిగింది. ఇద్దరూ మెట్లు దిగి కటకటాల వైపు వచ్చారు. ముందు శ్రీరామ్మూర్తి. అలిగిన పిల్లాడిలా ఉంది ఆయన మొహం.

"ఏముందమ్మా అందులో?"

"సొరకాయ కేప్టెన్ గారూ. ఉప్పెయ్యలేదు."

"ఇంటి దగ్గరా సొరకాయే, ఇక్కడా సొరకాయే" అని గొణుగుతూ గిన్నె అందుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, గిన్నె పట్టుకున్న చేతులతోనే నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అయూబ్ కటకటాల అవతల నిలబడ్డాడు. ఆవిడ రెండో గిన్నె ఊచల మధ్యనుంచి అందించింది. "నెత్తళ్ళు రా, నీకే" అంది. ఇంకేం ఇవ్వాలో తోచక తెచ్చింది. అతను మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూత పెట్టి ఆవిడ చేతిలోనే పెట్టేశాడు.

మెహబూబ్ బీ కటకటాలకి ఇంకా దగ్గరగా జరిగింది. "కోపంగా ఉందేటి నాయనా?"

"ఉన్నాది అమ్మీ. లేదంటే అబద్ధం. రషీదా అయితే నీ పేరెత్తితే లోపలికెళిపోతన్నాది." అతను టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఆయన నా కాడ కూకుని మొత్తం సెప్పినాడు. నాకైతే ఆయన్ని పలకరించడానికే మొహం సెల్లలేదు. ఆ మూడు నెలలూ ఆయన పరీక్ష తప్పాలని నాను కోరుకోలేదని ఒట్టెయ్యలేను. నువ్వు కంచం లాగకపోతే ఆ కుర్చీలో నాను జన్మంతా ఎలగ కూకునీవోడిని?"

"మరి తినవేటి రా?"

"నాను పక్కన కూకుని ఇది తింటంటే ఆయన సెయ్యి ఎట్టకుండా ఉండగలడేటి? ఆయన రిటైరయ్యేదాకా నాకు కూడా సప్పగానే వొండు. కూరలు మాత్రం వేరు వేరుగా ఉండాల. ఆయనకి సొరకాయైతే నాకు బీరకాయ."

లోపలినుంచి ఎవరో పిలిచారు. అయూబ్ ఊచల మధ్యనుంచి తల్లి చెయ్యి ఒకసారి నొక్కి పరిగెత్తాడు. ఎడమ కిటికీలో కేప్టెన్ గారు, కుడి కిటికీలో కొడుకు. విమానం తిరిగి, పరుగెత్తి, కొండ పక్కనుంచి పైకి లేచింది. మెహబూబ్ బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నిలబడింది. చూస్తే ఎంత చక్కగా పెరిగాడో తన కొడుకు.

"ఏటయింది? ఏటన్నాడు ఆడు?" అన్నాడు గులాం మొహమ్మద్ స్కూటర్ స్టార్టు చేస్తూ, కంగారుగా.

"ఏటీ లేదు" అందావిడ వెనక ఎక్కి కూర్చుని. "మార్కెట్ కాడ ఆపండి. బీరకాయలు కొనాల."